పాత డీటీపీ కంప్యూటరుకు ఎస్‌ఎస్‌డీ వేస్తే సరిపోతుందా, విండోస్‌నే వదిలేయాలా?

నరసరావుపేట పాఠకుడు

మా నాన్నగారు నడుపుతున్న డీటీపీ దుకాణంలోని కంప్యూటరు గురించి మీ అందరి సలహా కోరుతున్నాను. ఐ3-2100 ప్రాసెసరు, హెచ్61 మదర్‌బోర్డు, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10 ఉన్నాయి. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు అన్నీ పుటలు కూర్చే పేజ్‌మేకర్ 7.0లో అను అనే తెలుగు ఫాంట్లతో కూర్చినవే. ప్రింటరు కానన్ ఎల్‌బీపీ 2900.

కొన్ని నెలలుగా కంప్యూటరు బాగా నెమ్మదించింది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వినియోగం ఏ పనీ చేయకపోయినా 100 శాతం దగ్గరే నిలిచిపోతోంది. డిస్క్ ఆరోగ్యాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో పసుపు రంగులో ‘కాషన్’ (జాగ్రత్త) అని చూపిస్తోంది, సీ5 అనే వరుసలో విలువ సున్నా లేదు. కంప్యూటర్ల దుకాణంలో అడిగితే మొత్తం సెట్టునే మార్చేయమన్నారు. మా బావ విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేయమంటున్నాడు. ‘పాత ఫైళ్లు తెరుచుకోకపోతే ఎంత కొత్తదైనా నాకెందుకురా?’ అన్నది నాన్నగారి మాట. డబ్బు దేనిమీద ముందు పెట్టాలో చెప్పగలరు.

మింట్ వాడుకరి, వరంగల్

హార్డ్‌డిస్క్‌కు బదులు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల్లో సమాచారం దాచేది) వేయండి, దానిపై లినక్స్‌లో ఒక రకమైన మింట్ వేయండి. నా వాదనకు కారణాలు చెబుతాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సౌకర్యం కావాలి, ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తరువాతి ప్రాసెసరు కావాలి. మీది రెండో తరం. తనిఖీని దాటవేసి ఎక్కించే ఉపాయాలు ఉన్నాయిగాని, అర్హత లేని యంత్రాలకు నవీకరణలు అందుతాయన్న హామీ లేదని ఆ సంస్థే చెబుతోంది. నలుగురి పెన్‌డ్రైవులూ వచ్చి తగిలే దుకాణపు కంప్యూటరును అలాంటి స్థితిలో ఉంచడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

మింట్ 22 మరో లినక్స్ అయిన ఉబుంటు 24.04 ఆధారంగా వచ్చింది, 2029 వరకు భద్రతా నవీకరణలు ఉంటాయి. అందులో తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం 4 జీబీలో కూడా నడుస్తుంది. తెలుగు టైపింగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ (ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే పద్ధతి) రెండూ దొరుకుతాయి. ఎన్‌టీఆర్, రామభద్ర, మల్లన్న, పొన్నాల వంటి యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత సంకేతం ఉండే పద్ధతి) ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకోదగిన లైసెన్సుతో ఉన్నాయి. పుట కూర్పుకు స్క్రైబస్ ఉంది, 2024లో వచ్చిన 1.6 తెలుగు ఒత్తులను సరిగానే చూపిస్తుంది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తరువాత మరో ప్రధాన సంచిక రాలేదు. దానికోసం యంత్రం మొత్తాన్ని ఎంతకాలం కట్టిపడేస్తాం?

తెనాలి డీటీపీ

వరంగల్ వారు చెప్పినది కొత్తగా దుకాణం పెట్టేవారికి మంచి సలహా. ఏళ్ల తరబడి పని చేస్తున్న దుకాణానికి అది వర్తించదని నా గట్టి అభిప్రాయం. అను ఫాంట్లు యూనికోడ్ ఫాంట్లు కావు. ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల స్థానాల్లోనే తెలుగు ఆకారాలను అమర్చుకున్నవి. ఆ ఫాంట్ లేని యంత్రంలో అదే ఫైలు తెరిస్తే అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల వరుస కనబడుతుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయిగాని, మార్చిన తరువాత ఒత్తులు, గుణింతాలు సరిపోయాయో లేదో ఒక మనిషి కూర్చుని మొదటి నుంచి చివరి వరకు చదవాలి. గుడి కమిటీ వారు వచ్చి నిరుటి కరపత్రంలోనే తేదీలు మార్చి గంటలో ఇమ్మంటే, అప్పుడు కూర్చుని ప్రూఫు దిద్దగలమా?

ప్రింటరు సంగతి కూడా చెప్పాలి. ఎల్‌బీపీ 2900 కానన్ సొంత పద్ధతి అయిన క్యాప్ట్‌తో పనిచేస్తుంది కనుక, లినక్స్‌లో సాధారణంగా దొరికే డ్రైవర్లతో అది కదలదు. దానికి వేరే డ్రైవరు తెచ్చి కుదుర్చుకోవడం తెలిసినవారికే శ్రమ, నాన్నగారి వయసువారి మీద ఆ భారం పెట్టడం న్యాయం కాదు.

కాబట్టి ఎస్‌ఎస్‌డీ వేసి, ర్యామ్ 8 జీబీ చేసి, విండోస్ 10 తోనే కొనసాగండి. విండోస్ 10 చివరి సంచిక అయిన 22హెచ్2కు మైక్రోసాఫ్ట్ ఖాతాతో నమోదు చేసుకుంటే అదనపు భద్రతా నవీకరణలు ఇచ్చే పథకం ఒకటి ప్రకటించారు, దాని గడువు 2026 అక్టోబరు 13. ఆలోచించుకోవడానికి ఆ వ్యవధి చాలు.

డిస్కుల మరమ్మతు, హైదరాబాద్

ఇద్దరూ ఆపరేటింగ్ సిస్టమ్ దగ్గర వాదించుకుంటున్నారు. ప్రశ్న అడిగినవారి మొదటి వాక్యాల్లోనే ప్రమాదం కనిపిస్తోంది, దయచేసి దాన్ని ముందు చూడండి. సీ5 అంటే డిస్క్ చదవలేకపోయి, తిరిగి రాసే అవకాశం వచ్చేవరకు పక్కన పెట్టుకున్న సెక్టార్ల (డిస్కులోని చిన్న చిన్న గడుల) సంఖ్య. సీ7 అనే మరో వరుస సమాచారం పంపడంలో దోషాల లెక్క, అది పెరిగితే చాలాసార్లు కేబులు మారిస్తే పోతుంది, సీ5 అలాంటిది కాదు, అది డిస్కు లోపల తిరిగే పళ్లెం మీది దెబ్బ. ఈ స్థితిలో డీఫ్రాగ్ (చెదిరిన ఫైళ్లను సర్దడం) చేయకండి, చెక్‌డిస్క్ (డిస్క్ తనిఖీ) నడపకండి. రెండూ దెబ్బతిన్న డిస్కును ఇంకా తిప్పితిప్పి అలసగొడతాయి. ఈ రోజే పీఎండీ (పేజ్‌మేకర్) ఫైళ్లున్న ఫోల్డర్లను, వాటిలో వాడిన బొమ్మలను, ఫాంట్ల ఫోల్డరును బయటి డిస్కులోకి కాపీ చేయండి. పేజ్‌మేకర్ బొమ్మలను అన్నిసార్లూ ఫైలులోపలే దాచుకోదు, చాలా సందర్భాల్లో వాటి దారిని మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. పీఎండీలు ఒక్కటే తెచ్చుకుని శుభలేఖ తెరిస్తే వినాయకుడి బొమ్మ ఉండవలసిన చోట మసక ఆకారం మిగులుతుంది. ఎక్కడైనా కాపీ నిలిచిపోతే పట్టుబట్టి అదే ఫైలును మళ్లీమళ్లీ ప్రయత్నించకుండా మిగిలినవాటిని ముందు తీసుకోండి. డిస్క్ మొత్తాన్ని క్లోన్ (ఉన్నదున్నట్టుగా నకలు) చేయాలన్న ఆలోచన వద్దు, చెడు సెక్టార్ల దగ్గర అది మొండికేస్తుంది. కొత్త డిస్క్‌పై విండోస్‌ను కొత్తగానే ఎక్కించుకోండి.

ఇక ఎస్‌ఎస్‌డీ విషయం. హెచ్61లో డిస్కులను తగిలించే సాటా పోర్టులన్నీ సెకనుకు 3 గిగాబిట్ల రకం, అంటే ఆచరణలో 300 మెగాబైట్లకు లోపే. అందువల్ల ‘పాత బోర్డుకు ఎస్‌ఎస్‌డీ దండగ’ అని చెప్పేవారు ఉన్నారు, నేను ఆ మాటను పూర్తిగా తోసిపుచ్చుతాను. నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్‌డిస్కులో ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు చదివే తల కిందికి రావడానికి సగటున అందులో సగం, తల అక్కడికి జరగడానికి మరో ఎనిమిది తొమ్మిది మిల్లీసెకన్లు కలిపితే, సెకనుకు వంద చోట్ల నుంచి కూడా చదవలేదు. విండోస్ మొదలయ్యేటప్పుడు చదివేది వేల చోట్ల చెదిరి ఉన్న చిన్న చిన్న ఫైళ్లను. సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ అలాంటి వినతులను సెకనుకు వేలకు వేలు తీరుస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మీరు చూస్తున్న 100 శాతం ఈ నిరీక్షణే. చెడు సెక్టార్లు దాన్ని మరింత పెంచి ఉంటాయి. పోర్టు వేగం మీ పనిలో లెక్కలోకే రాదు.

మీ బోర్డుకు చిన్న పలక రకం ఎస్‌ఎస్‌డీ దూర్చే ఎం.2 గాడి ఉండదు, కాబట్టి 2.5 అంగుళాల సాటా రకమే కొనండి. కొత్తగా విండోస్ ఎక్కించే ముందు బయోస్‌లో (కంప్యూటరు ఆన్ చేయగానే తెరవగల సెట్టింగుల్లో) సాటా పద్ధతి ఏహెచ్‌సీఐ అని ఉందో లేదో చూడండి, ఎక్కించిన తరువాత మారిస్తే బూట్ కాకపోవచ్చు. 240 జీబీ సాధారణ డిస్కులపై 80 టెరాబైట్ల వరకు రాయవచ్చన్న హామీ కనిపిస్తుంది. రోజుకు 20 గిగాబైట్లు రాసినా అది 4000 రోజులు, అంటే దాదాపు 11 ఏళ్లు. డీటీపీ పనికి అందులో సగం కూడా రాయరు. అరిగిపోతుందన్న భయం అవసరం లేదు. ఎస్‌ఎస్‌డీ పోయినప్పుడు హార్డ్‌డిస్కులా చప్పుడు చేసి, నెమ్మదించి హెచ్చరించకపోవచ్చు, ఒక ఉదయం బయోస్‌లోనే కనిపించకుండా పోతుంది. అందుకే నకలు తప్పనిసరి, ఆ నకలు హార్డ్‌డిస్కులో ఉండాలి. బీరువాలో నెలల తరబడి కరెంటు లేకుండా పడి ఉండే నకలుకు ఎస్‌ఎస్‌డీకన్నా అదే నమ్మకం. ఇప్పటి 500 జీబీ డిస్కును మాత్రం ఆ పనికి వాడవద్దు.

మింట్ వాడుకరి, వరంగల్

నకలు ముందు తీయాలన్న మాట నా మొదటి సమాధానంలోనే ఉండవలసింది, హైదరాబాద్ వారికి కృతజ్ఞతలు. తెనాలి వారి అభ్యంతరాల్లో పాత ఫైళ్లది బలమైనదే. దానికి మార్గం లేదని మాత్రం నేను ఒప్పుకోను. ఐ3-2100కు వర్చువలైజేషన్ సౌకర్యం (ఒక సిస్టమ్ లోపల మరో సిస్టమ్‌ను నడిపే వీలు) ఉంది. 8 జీబీ ర్యామ్ వేసి, మింట్ లోపల వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాములో లైసెన్సు ఉన్న విండోస్ 7ను నెట్‌వర్క్ లేకుండా ఉంచి, అందులో పేజ్‌మేకర్, అను రెండూ ఎక్కించవచ్చు. లోపలున్నది అసలైన విండోసే కనుక కీబోర్డు అలవాటు మారదు. యూఎస్‌బీని నేరుగా దానికే అప్పగిస్తే ఎల్‌బీపీ 2900కు విండోస్ డ్రైవరే సరిపోతుంది. వాట్సాప్, మెయిలు, పెన్‌డ్రైవులు మింట్ వైపు ఉంటాయి, ఉమ్మడి ఫోల్డరు ద్వారా ఫైలు ఇటునుంచి అటు వెళుతుంది. 2026 అక్టోబరు తరువాత కూడా నిలిచే ఏర్పాటు ఇది.

తెనాలి డీటీపీ

ఇది నా మొదటి అభ్యంతరానికి సమాధానమే, ఒప్పుకుంటున్నాను. దుకాణంలో మనిషి నిలబడి ఉండగా, కిటికీలో మరో కిటికీ తెరిచి, ప్రింటరు ఏ వైపు ఉందో చూసుకునే పని నాన్నగారు ఎవరి సాయమూ లేకుండా చేయగలగాలి. అది కుదిరిందని చూసుకున్న తరువాతే అసలు విండోస్‌ను తీసేయండి. అప్పటివరకు నా సలహా మారదు. హెచ్61లో ర్యామ్‌కు రెండే గాళ్లు ఉంటాయి కనుక, ఉన్న 4 జీబీ ఒకే ముక్క అయితే దానికి జతగా మరొకటి కొంటే చాలు, రెండు ముక్కలైతే పాతవి తీసేయవలసి వస్తుంది. మూత తీసి చూశాకే దుకాణానికి వెళ్లండి.

నరసరావుపేట పాఠకుడు

మూత తీసి చూశాను, ర్యామ్ ఒకే ముక్క ఉంది. పీఎండీలు, బొమ్మలు, ఫాంట్లు ఒక కొత్త బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ అవుతున్నాయి. పాత ఫోల్డరు ఒకదాని దగ్గర చాలాసేపు ఆగింది, దాన్ని వదిలి మిగిలినవి తీస్తున్నాను. ఎస్‌ఎస్‌డీపై ముందు విండోస్ 10 ఎక్కించి, అదనపు నవీకరణలకు నమోదు చేసి దుకాణం నడుపుతాం. మా బావ లాప్‌టాప్‌లో వరంగల్ వారు చెప్పిన ఏర్పాటు చేసి, నాన్నగారితో ఒక శుభలేఖ మొదటి నుంచి ప్రింటు వరకు చేయించి చూస్తాం. అది ఆయనకు నచ్చితేనే మింట్.

డిస్కుల మరమ్మతు, హైదరాబాద్

కాపీ పూర్తయింది కదా అని పాత డిస్కును ఫార్మాట్ చేయకండి. బయటి డిస్కును మరో కంప్యూటరుకు తగిలించి, అను ఎక్కించి, వేర్వేరు సంవత్సరాల ఫైళ్లను తెరిచి బొమ్మలతో సహా వచ్చాయో లేదో చూడండి. చదవకుండా ఆగిన ఫోల్డరు ముఖ్యమైనదైతే డిస్కును తీసి పక్కన పెట్టి ఇక కరెంటు ఇవ్వకండి. అలాంటి డిస్కు నుంచి డీడీరెస్క్యూ అనే సాధనంతో సెక్టార్ల వారీగా తీయవచ్చు, చెడ్డచోట్లను అది చివరికి వదిలి, బాగున్న భాగాన్నంతా ముందు తెస్తుంది.