కార్బ్యురేటర్ ఉన్న పాత కారులో ఇథనాల్ కలిసిన పెట్రోల్ వాడవచ్చా?

చెరకు, మొక్కజొన్న వంటి పంటల నుంచి తీసే ఇథనాల్‌ను 20 శాతం కలిపిన పెట్రోల్‌ను కార్బ్యురేటర్ (గాలిలో ఇంధనాన్ని కలిపి ఇంజిన్‌కు పంపే పరికరం) ఉన్న నా పాత కారులో వాడవలసి వస్తున్నందున, అనుభవజ్ఞుల సలహా కోరుతున్నాను.

లీటరు ఇథనాల్ ఇచ్చే శక్తి పెట్రోల్ కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజమే. దాని గురించి నాకు పెద్ద చింత లేదు. నా సందేహమంతా ఇంధనం, గాలి పాళ్ల గురించి. కిలో పెట్రోల్ పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కైతే 9 కిలోలు చాలు; అంటే అంతే గాలికి ఇథనాల్ ఎక్కువ కావాలి. కొత్త కార్లలో ఆక్సిజన్ సెన్సర్ ఆధారంగా ఇంధనం మోతాదు దానంతట అదే సర్దుకుంటుంది గానీ, కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు. మిశ్రమంలో ఇంధనం పాలు తగ్గి ఇంజిన్ వేడెక్కకుండా ఉండాలంటే మెయిన్ జెట్‌ను (కార్బ్యురేటర్‌లో ఇంధనం వచ్చే సన్నని రంధ్రాన్ని) ఎంత పెద్దది చేయాలి? స్పార్క్ ప్లగ్ కొన తెల్లబారడాన్ని అందుకు గుర్తుగా తీసుకోవచ్చా?

ఇథనాల్ తేమను పీల్చుకుంటుందని, నీరు మరీ ఎక్కువైతే పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుందని తెలుసు. కారును వారాల తరబడి కదపను కనుక, ట్యాంకును నిండుగా ఉంచడం మేలా, ఖాళీ చేయడం మేలా? పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి మెత్తబడకముందే మార్చదలచాను. వాటితోపాటు కార్బ్యురేటర్‌లోని ఫ్లోట్ (ఇంధనం మట్టాన్ని అదుపుచేసే తేలే భాగం), డయాఫ్రమ్ (వంగే పలుచని పొర) కూడా మార్చాలా? మెకానిక్‌లు తలొక మాట చెబుతున్నారు కాబట్టి, ఈ మార్పులు స్వయంగా చేసినవారు వివరిస్తే కృతజ్ఞుణ్ణి.