మా పేట రచయితల సంఘం ఎప్పుడు పుట్టిందో తేల్చడం ఎలా?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

అందరికీ నమస్కారం. మా తాతగారు చాలాకాలం కార్యదర్శిగా ఉన్న ఒక చిన్న రచయితల సంఘం చరిత్రను రాయాలని కూర్చున్నాను. ఆ సంఘానికి సొంత గది ఎన్నడూ లేదు. నెలకొక ఆదివారం ఎవరో ఒకరి వసారాలో చాపలు పరుచుకుని కథలు, పద్యాలు చదువుకునేవారు. ఒక రేకు పెట్టెలో రెండు మినిట్స్ పుస్తకాలు, ఒక జమాఖర్చుల పుస్తకం, కొన్ని ఆహ్వాన పత్రాలు మిగిలాయి. మొదటి మినిట్స్ పుస్తకంలో తొలి పుటలను చెదలు తినేశాయి. సభ్యుల్లో ఇప్పుడున్నది ఇద్దరే, ఇద్దరూ తొంభై దాటినవారు. అది అరసం (అభ్యుదయ రచయితల సంఘం) నీడలో పుట్టిందని ఒకరు, కాదు, ప్రేమ, ప్రకృతి గీతాల భావకవిత్వాన్ని అభిమానించేవారు పెట్టుకున్నదని మరొకరు గట్టిగా చెబుతున్నారు. పుట్టిన సంవత్సరం గాని, ఈ వివాదం గాని తేలే దారి ఉంటే దయచేసి చెప్పగలరు.

జవాబు (తెనాలి)

అయ్యా, ఆ పెద్దలిద్దరి మాటా నిజమే కావచ్చు. భావకవులకు వేదికైన తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రిగారి సాహితీ సమితి, అరసం రెండూ మన ప్రాంతపు నేలమీద నడిచినవే. 1936లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన మొదలైన అఖిల భారత అభ్యుదయ రచయితల ఉద్యమానికి తెలుగులో రూపమిచ్చిన అరసం మొదటి మహాసభ 1943లో మా తెనాలిలోనే, తాపీ ధర్మారావుగారి అధ్యక్షతన జరిగింది. ఆ రోజుల్లో ఒక ఊళ్ళో కూర్చుని రాసుకునేవాళ్ళు ఉదయం ఒకరి గీతాలు, సాయంత్రం మరొకరి కథలు విని, రెంటినీ ఇష్టపడటంలో వింతేమీ లేదు. అందువల్ల సంఘం ఎవరిదన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఏ సమావేశంలో ఎవరు ఏమి చదివారో, దానిమీద ఎవరు ఏమి అన్నారో మినిట్స్‌లో ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయండి. అధ్యక్షుల వరుస కన్నా సంఘం స్వభావాన్ని పట్టిచ్చేది అదే.

జవాబు (పటమట, విజయవాడ)

సంవత్సరం సంగతి నేను చెబుతాను. పాత కరపత్రాలు పోగుచేయడం నాకు నలభై ఏళ్ళ అలవాటు. ముందు జమాఖర్చుల పుస్తకం తెరవండి. మన దేశంలో దశాంశ నాణేలు (రూపాయికి పదహారణాలకు బదులు వంద పైసలు) 1957 ఏప్రిల్ 1న వచ్చాయి కాబట్టి, ఖర్చంతా అణాలలోనే ఉన్న పుటలు చాలావరకు అంతకుముందువే అయి ఉంటాయి. ‘నయా పైసలు’ అని ఉంటే ఆ తర్వాతివి. 1964లో ‘నయా’ అన్న మాట పోయింది. ఆహ్వాన పత్రంలో పిన్‌కోడు ఉంటే అది 1972 ఆగస్టు 15కు తర్వాతిదే. తేదీ, వారం మాత్రమే ఉండి సంవత్సరం లేకపోతే, తిథి కూడా వేశారేమో చూడండి: తేదీ, వారం కలిసే సంవత్సరాలు కొన్ని ఉంటాయి గాని, తిథి కూడా కలిసేది సాధారణంగా ఒక్కటే తేలుతుంది. పత్రం అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ముద్రణాలయం పేరును కత్తిరించకుండా భద్రం చేయండి.

ఇంకొక మనవి. అప్పటి సమాజంమీద, సాహిత్యంమీద తిరుగుబాటు చేసిన దిగంబర కవుల రెండో సంపుటిని 1966 డిసెంబరులో విజయవాడలో జంగాల చిట్టి అనే హోటలు కార్మికుడు ఆవిష్కరించారు. ఆ వార్త విని మీ సంఘంలో ఏమి చర్చ జరిగిందో 1967 జనవరి మినిట్స్‌లో తప్పక వెతకండి. మౌనంగా ఉన్నా అదీ చరిత్రే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి జమాఖర్చుల పుస్తకం తెరిచాను. మొదటి పుటలో ‘చాపల అద్దె 4 అణాలు, టీలు 9 అణాలు, కిరసనాయిలు 2 అణాలు’ అని తాతగారి అక్షరాలే కనిపించాయి. పక్కనే ఉగాది నాటి సమావేశమని, బుధవారమని రాసి ఉంది. రేపు పాత పంచాంగాలు చూడటానికి గ్రంథాలయానికి వెళుతున్నాను. తేలిన సంవత్సరాన్ని ఇక్కడే రాస్తాను.