బక్కగా ఉన్నోళ్లు ఫైటింగ్ నేర్చుకుంటే లాభం ఉంటుందా?

అడిగింది: బక్కపలచన, అమీర్‌పేట

నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, బరువు 54 కిలోలు. ఇక్కడ హాస్టల్లో ఉంటూ జావా కోర్సు చేస్తున్నాను. మా రూమ్మేట్ 90 కిలోలుంటాడు. రోజూ జిమ్‌కి వెళ్తాడు గానీ ఫైటింగ్ ఏదీ నేర్చుకోలేదు. నేను జూడోనో బాక్సింగో నేర్చుకుంటానంటే ఒకటే నవ్వు. "నువ్వు పదేళ్లు నేర్చుకో, నేను మీదెక్కి కూర్చుంటే అయిపోయె" అంటాడు. యూట్యూబ్‌లో సగం మంది టెక్నిక్ ఉంటే సైజుతో పనిలేదంటారు, మిగతా సగం మంది అదంతా సినిమా అంటారు. అసలు ఒంటి సైజు ఎంతవరకు పనిచేస్తుంది? ఫీజు కట్టాక బాధపడేకన్నా ముందే అడుగుదామని.

ఉప్పల్ జూడో అక్క

తమ్ముడూ, మీ రూమ్మేట్ చెప్పినదాంట్లో సగం నిజం. ముందు ఆ సగం చెప్తాను, నీకు నచ్చకపోయినా.

సైజుతో పనిలేకపోతే వెయిట్ కేటగిరీలు ఎందుకు? మన నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది 52 కిలోల్లో. ఒలింపిక్స్‌లో ఆ కేటగిరీ లేదు, అందుకని 50కి దిగింది. రెండు కిలోలంటే మనం నాలుగు పెళ్లిళ్లకు వెళ్తే పెరిగే బరువు. అంత మాత్రానికి ఒక ప్రపంచ ఛాంపియన్ నోరు కట్టుకుంది. 2024 పారిస్‌లో వినేశ్ ఫోగట్‌ను 100 గ్రాములు ఎక్కువుందని ఫైనల్ రోజు పొద్దున పక్కన పెట్టేశారు. ఆ రూల్ మంచిదా కాదా అన్న గొడవ వేరే. ఆకలికి ఓర్చి, నీళ్లు మానేసి మరీ కింది కేటగిరీలోకి దిగుతున్నారంటే, ఎదుటి మనిషికన్నా కాస్త పెద్దగా ఉండటంలో ఎంత లాభముందో ఆడేవాళ్లకు తెలుసు కాబట్టే.

"చిన్నవాడు పెద్దవాణ్ని పడేసే విద్య" అని మా జూడోకి పేరు. కానో జిగొరో 1882లో టోక్యోలో మొదలుపెట్టాడు. సరిగ్గా అదే టోక్యోలో 1964 ఒలింపిక్స్‌కి జూడోను మొదటిసారి పెట్టారు. బరువుతో సంబంధం లేని ఓపెన్ కేటగిరీలో ఎవరు గెలిచారు? 198 సెంటీమీటర్ల పొడవున్న డచ్చి మనిషి ఆంటన్ గీసింక్. జపాన్ కమినాగాను జపాన్‌లోనే నొక్కిపెట్టేశాడు. గీసింక్ ఏమీ నేర్చుకోకుండా వచ్చి సైజుతో నెట్టుకొచ్చాడనుకోవద్దు. విద్య పూర్తిగా వచ్చినవాడు, పైగా పెద్దవాడు. అదీ తంటా.

ఇప్పుడు రెండో సగం. యూఎఫ్‌సీ అని, ఏ విద్య వచ్చినవాడైనా దిగి కొట్లాడే పోటీ ఒకటుంది. 1993లో అది మొదలైనప్పుడు అందులో కేటగిరీల్లేవు. ఇంచుమించు 80 కిలోల రాయిస్ గ్రేసీ అందరినీ ఓడించాడు. మరుసటి ఏడాది డాన్ సెవెర్న్ అనే రెజ్లర్, తనకన్నా 35 కిలోలకు పైగా బరువున్నవాడు, పదిహేను నిమిషాలు మీదపడి ఉన్నాడు. గ్రేసీ కింద పడుకునే రెండు కాళ్లూ వాడి మెడ చుట్టూ బిగించి ఓటమి ఒప్పించాడు. మీదెక్కి కూర్చుంటే అయిపోయెనన్న మీ రూమ్మేట్‌కి ఆ బౌట్ చూపించు. మెడకు రెండు పక్కలా మెదడుకు వెళ్లే రక్తనాళాలుంటాయి. అవి బిగిస్తే కొన్ని సెకన్లలోనే స్పృహ పోతుంది. జిమ్‌లో ఎంత బెంచ్ ప్రెస్ కొట్టినా అక్కడ అక్కరకు రాదు.

అయితే ఆ కథ అక్కడితో ఆగలేదు. అందరూ కింద పడ్డాక ఆడే ఆట నేర్చుకున్నారు. 1997లో యూఎఫ్‌సీ కూడా వెయిట్ కేటగిరీలు పెట్టింది. 2006లో అదే గ్రేసీ తనంత బరువే ఉన్న మాట్ హ్యూస్ చేతిలో మొదటి రౌండ్లోనే ఓడిపోయాడు. వయసు కూడా మీద పడిందనుకో. అయినా మొదట్లో ఆయన్ని గెలిపించింది తనకు వచ్చిన విద్య ఒక్కటే కాదు, ఎదుటివాళ్లకు అది రాకపోవడం కూడా.

నేను ఆడినదే 48 కిలోల్లో. నా బరువుకు సరిపడే అమ్మాయి ఉండేది కాదు, మగపిల్లలతోనే రాండోరి, అంటే ప్రాక్టీస్ బౌట్, చేసేదాన్ని. కొత్తగా చేరిన ఎనభై కిలోలవాడు నిటారుగా నిలబడి చేతులతో నెడతాడు. ఆ నెట్టే ఊపులోనే కిందకు దూరి సెయోయి నాగె అనే పట్టు వేస్తే భుజం మీంచి దొర్లిపోతాడు. పొట్టివాళ్లం కాబట్టి వాడి నడుము కిందకు దూరడం మనకే సులువు. అదే పిల్లగాడు ఆరు నెలలు ప్రాక్టీస్ చేశాక నా జూడో డ్రెస్ చేతి గుడ్డ పట్టుకుని, నడుము దించి ఊరికే నిలబడతాడు. అంతే, నాకు దారి మూసుకుపోయినట్టే. వాడు కొత్తగా నేర్చింది పెద్దగా ఏముండదు, బరువును ఎక్కడ పెట్టాలో తెలిసిందంతే.

కాబట్టి నువ్వు ఏడాది మనసుపెట్టి చేస్తే, ఏమీ రాని రూమ్మేట్‌ని పడేసే అవకాశం బాగానే ఉంది. వాడూ నీతోపాటు చేరితే మాత్రం ఆశ వదులుకో.

ధూల్‌పేట మనవడు

మా తాత పాతబస్తీలో తాలీంకు, అంటే కుస్తీ నేర్పే చోటుకు, పోయేవాడు. పొద్దున్నే మట్టి తవ్వడం, దండ్‌లు, బైఠక్‌లు, తర్వాత పాలు, బాదం. ఆయన ఎత్తు చూసి పైల్వాన్ అంటే ఎవరూ నమ్మేవాళ్లు కాదు. షర్ట్ విప్పితే నమ్మేవాళ్లు.

అందరూ ఎత్తునూ బరువునూ ఒకటే అనుకుంటున్నారు. గామా పైల్వాన్ అయిదడుగుల ఏడంగుళాలు. రహీం బక్ష్ సుల్తానీవాలా దాదాపు ఏడడుగులంటారు. గామా ఆయనకు సమంగా నిలబడి, చివరికి గెలిచాడు. ఇది చెప్పి "చూశారా, చిన్నోడు గెలిచాడు" అంటుంటారు. గామా పొట్టివాడే గానీ, అంత బరువూ కండా ఉన్న మనిషి చిన్నోడెట్లా అవుతాడు? మైక్ టైసన్ కూడా అంతే, 178 సెంటీమీటర్లే, కానీ ఒంట్లో వంద కిలోల కండ.

అక్కా, మీరు చెప్పిన ఒక్క మాట ఒప్పుకోను. ఇద్దరికీ విద్య వస్తే పెద్దోడే గెలుస్తాడంటారా? 2024లో ఉసిక్ అనే హెవీవెయిట్ బాక్సర్, టైసన్ ఫ్యూరీ అనే ఇంకో బాక్సర్‌ని రెండుసార్లు ఓడించాడు. డిసెంబర్ ఫైట్‌లో ఇద్దరికీ 25 కిలోల తేడా ఉంది. ఇద్దరూ ఛాంపియన్లే కదా.

ఉప్పల్ జూడో అక్క

మంచి పాయింటే పట్టావు. కానీ లెక్క చూడు. ఉసిక్ 102 కిలోలు, ఫ్యూరీ 127. అంటే పావు వంతు ఎక్కువ. మన తమ్ముడు 54, రూమ్మేట్ 90. మూడింట రెండు వంతులు ఎక్కువ. కిలోల తేడా ఒక్కటే చూస్తే సరిపోదు, ఎంత మీద ఎంత అన్నది చూడాలి. హెవీవెయిట్లో పాతిక కిలోలు ఇచ్చి గెలిచినవాళ్లున్నారు. యాభై కిలోల అమ్మాయి పాతిక కిలోలు ఇచ్చి, తనంత విద్య ఉన్నదాన్ని ఓడించడం నేనింతవరకు చూడలేదు. పైగా ఉసిక్ 191 సెంటీమీటర్ల మనిషి. మా కాలనీలోకి వస్తే గుమ్మం దగ్గర తల వంచాలి.

గేటు దగ్గర అన్న

గచ్చిబౌలి వైపు ఒక పబ్‌లో బౌన్సర్‌ని. 118 కిలోలు. నిజం చెప్తున్నా, నాకు ఫైటింగ్ రాదు. నా జీతం కొట్టినందుకు కాదు, కొట్టాల్సిన పని పడనందుకు. వీకెండ్ రాత్రి ఇద్దరు కాలర్లు పట్టుకుంటే నేను మధ్యలో వెళ్లి నిలబడతా, అంతే. నూటికి తొంభై గొడవలు అక్కడే చల్లబడతాయి. సైజుకున్న అసలు ఉపయోగం ఇదే. రింగ్‌లో దీనికి మార్కులుండవు, రోడ్డు మీద ఉంటాయి.

కానీ కొట్లాట మొదలైందా, నిమిషంలో నాకు ఆయాసం వస్తుంది. నేను జాగ్రత్తగా చూసేది పెద్ద ఒళ్లున్నవాళ్లను కాదు. చెవులు నలిగి ముద్దలా అయినవాడు, అరవకుండా నిలబడ్డవాడు కనిపిస్తే "అన్నా, ప్లీజ్" అని మర్యాదగా మాట్లాడతా. ఆ చెవులు మ్యాట్ మీద ఏళ్లు గడిపితే గానీ రావు. ఇంకోటి, ఎవడి చేతిలోనైనా పగిలిన సీసా ఉంటే నీ జూడో, నా 118 కిలోలు రెండూ పక్కకు పెట్టు తమ్ముడూ. డోర్ ఎటుందో చూసుకో.

బక్కపలచన, అమీర్‌పేట

థాంక్స్ అక్కా, అన్నలూ. రూమ్మేట్‌కి చూపించాను. గ్రేసీ బౌట్ రెండుసార్లు చూసి, "నేను కూడా చేరతా" అంటున్నాడు! ఇప్పుడేం చేయాలి? ఇంకో డౌట్: నాకు సోడాబుడ్డి కళ్లద్దాలు. బాక్సింగా, జూడోనా?

ఉప్పల్ జూడో అక్క

అయిపోయింది నీ పని!

రానీ, ఇంట్లోనే ప్రాక్టీస్ పార్ట్‌నర్ దొరికినట్టు. ముందు జూడో పెట్టుకో. మొదటి వారాలన్నీ పడటమే నేర్పిస్తారు. దాన్ని ఉకెమి అంటారు. ఎవరితోనూ ఎప్పుడూ ఫైట్ చేయకపోయినా బైక్ స్కిడ్ అయినప్పుడు పనికొస్తుంది. బాక్సింగ్ అంటే తలమీద దెబ్బలు తప్పవు. నీ నంబర్ ఎక్కువైతే రెటీనా సంగతి కళ్ల డాక్టర్‌ని అడిగి గానీ అటు వెళ్లకు. జూడోలో కూడా అద్దాలు తీసేయాలి, కానీ ఎదుటివాడి గుడ్డ చేతిలో ఉంటే కళ్లు మూసుకున్నా తెలుస్తుంది వాడెటు కదులుతున్నాడో.

డబ్బు కట్టేముందు ఒక సాయంత్రం ఊరికే కూర్చుని క్లాసు చూడు. మ్యాట్‌ల మధ్య సందులుండకూడదు, కాలివేళ్లు ఇరుక్కుంటాయి. రాండోరి పెట్టేటప్పుడు కోచ్ బరువులు చూసి జతలు కలుపుతున్నాడా లేదా గమనించు. కొత్తవాణ్ని మొదటి వారమే తొంభై కిలోలవాడి ముందు నిలబెట్టే చోటైతే ఇంకో చోటు వెతుక్కో. మీ ఇద్దర్నీ కలిపి ఆడించమని నువ్వు మాత్రం అడక్కు.

గోళ్లు కత్తిరించుకుని వెళ్లండి, ఇద్దరూ.