సేవా సంస్థలు అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) చుట్టూ తిరగాలా? (యూదుల ఏజెన్సీల విషయం)

గోదారిగట్టు:
నేను న్యూజెర్సీలో ఉంటాను. మా పక్కింటి పెద్దావిడకి యూదుల కుటుంబ సేవా సంస్థవాళ్లు రోజూ భోజనం తెచ్చిస్తారు. ఆ పని చూసి ముచ్చటేసి కొంతకాలంగా చందా ఇస్తున్నాను. మొన్న వాళ్ల దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. డైరెక్టర్ గారు ఇలాంటి సంస్థలన్నీ కలిసే సదస్సుకి వెళ్లి, అటునుంచి వాషింగ్టన్ వెళ్లి, మెడికెయిడ్‌లో (పేదలకి ప్రభుత్వమిచ్చే వైద్య బీమా) కోతలు వద్దని కాంగ్రెస్ సభ్యులకి చెప్పి వచ్చారట. అన్నం పెట్టమని నేనిచ్చిన డబ్బు హోటళ్లకీ విమానం టిక్కెట్లకీ పోతోందా? సేవ చేసేవాళ్లకి రాజకీయం ఎందుకండీ?

రమణ_టాంపా:
కరెక్ట్. సేవ వేరు, చట్టాల కోసం సభ్యుల చుట్టూ తిరిగే లాబీయింగ్ వేరు.

స్రవంతి_ఒహాయో:
నేను అలాంటి ఒక యూదుల ఏజెన్సీలో కేస్ మేనేజర్‌ని, కాబట్టి చెప్పగలను. ఈ ఏజెన్సీలన్నిటికీ ఒక నెట్‌వర్క్ ఉంది. అంతకుముందు విడివిడిగా ఉన్న సంఘాలు కలిసి 2017లో ఏర్పడింది. సదస్సులో జరిగేది విందులు కాదండీ. ఇళ్లకి వెళ్లి పనిచేసే ఆయాలు దొరకనప్పుడు ఒక ఊరివాళ్లు ఏం చేశారు, మెడికెయిడ్ బిల్లు తిరస్కరిస్తే మళ్లీ ఎలా పంపాలి, ఇవే మాటలు. హోలోకాస్ట్ (నాజీలు చేసిన యూదుల ఊచకోత) నుంచి బతికి బయటపడ్డ పెద్దవాళ్లలో కొందరికి నర్సింగ్ హోమ్‌లో షవర్ గది చూస్తేనే, స్నానాల గదులని చెప్పి విషవాయువుతో చంపిన గదులు గుర్తొచ్చి, ఒళ్లు వణుకుతుంది, యూనిఫాం వేసుకున్న మనిషిని చూస్తే మాట పడిపోతుంది. వాళ్లని ఇంట్లోనే ఉంచి చూసుకోవాలని ఈ ఏజెన్సీలు ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నాయి. 2016లో అమెరికా వృద్ధుల చట్టాన్ని పొడిగించినప్పుడు అందులో ఈ హోలోకాస్ట్ బాధితుల ప్రస్తావన చేరింది. అది ఊరికే రాలేదు, వెళ్లి అడిగితే వచ్చింది.

గోదారిగట్టు:
బాగుంది. కానీ ఆదాయప్పన్ను నియమాల్లో చూశాను, ఇలాంటి సంస్థ 20 శాతం దాకా లాబీయింగ్‌కి ఖర్చు పెట్టుకోవచ్చట. అంటే నా వంద డాలర్లలో ఇరవై!

స్రవంతి_ఒహాయో:
అది గరిష్ఠ పరిమితి, అంత ఖర్చు పెడుతున్నారని కాదు. 1976 చట్టం కింద ఆ పద్ధతి ఎంచుకున్న సంస్థలకి ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్ల మీదే 20 శాతం. ఆపైన శాతం తగ్గుతూ పోతుంది, ఎంత పెద్ద సంస్థయినా ఏడాదికి 10 లక్షల డాలర్లు దాటకూడదు. ఫెడరల్ గ్రాంటు డబ్బు దీనికి వాడకూడదు. ఎన్నికల్లో ఫలానావాళ్లకి ఓటెయ్యమని అసలే చెప్పకూడదు, అది 1954 నుంచీ ఉంది. మీ సంస్థ ఆదాయప్పన్ను శాఖకి ఏటా ఇచ్చే లెక్కల పత్రం, ఫారం 990లో షెడ్యూల్ సి చూడండి, ఎంత ఖర్చు పెట్టారో ఉంటుంది.

గోదారిగట్టు:
ఇరవై అని మీరే ఒప్పుకుంటున్నారు కదా. ఒక జేబులో గ్రాంటు డబ్బు ఉంటేనే ఇంకో జేబులోది ఖర్చు పెట్టడానికి వీలవుతుంది.

శారద_డాలస్:
ఒక్క మాట. మన గుళ్లు కెమెరాలకీ గేట్లకీ తీసుకుంటున్న ప్రభుత్వ సెక్యూరిటీ గ్రాంటు కోసం ముందు నుంచీ కాంగ్రెస్‌లో అడుగుతున్నది యూదుల ఫెడరేషన్లే. అది చర్చిలకీ మసీదులకీ కూడా వస్తుంది.

రమణ_టాంపా:
గుళ్ల సంగతి వేరు మేడం.

స్రవంతి_ఒహాయో:
ఇరవై అని నేను ఎక్కడ ఒప్పుకున్నానండీ? చదవకుండా జవాబిస్తే నేనేం చెప్పను? మీకు లెక్క కాదు కావలసింది, ముందే తీర్పు చెప్పేసి వచ్చారు.

గోదారిగట్టు:
సరే, నా సంగతి చెబుతాను వినండి. మా అన్నయ్య ఈ దేశంలో హఠాత్తుగా పోయాడు. శవాన్ని ఇండియా పంపడానికి కాగితాలు ఏం కావాలో తెలియక, ఆయన జీవిత సభ్యుడిగా ఉన్న ఒక తెలుగు సంఘానికి (పేరు చెప్పను) ఫోన్ మీద ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఆ వారమే దాని పెద్దలు గవర్నర్‌తో దిగిన ఫొటోలు వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వదిన ఆ ఫొటోలు చూసింది. నాకు ఆ రోజు చట్టం అక్కర్లేదమ్మా, ఒక మనిషి కావాలి.

మోడరేటర్:
దయచేసి ఒకరినొకరు వ్యక్తిగతంగా అనుకోవద్దు.

స్రవంతి_ఒహాయో:
మీ అన్నయ్య సంగతి విని చాలా బాధేసింది. ఫోన్ ఎత్తకపోవడం ఘోరం. కానీ ఆ కోపం మా మీద పెడితే ఎలా? ఫోటో కోసం వెళ్లేవాళ్లూ, కోత పడితే ఏ ముసలాయనకి ఎన్ని గంటల ఆయా తగ్గుతుందో చెప్పడానికి వెళ్లేవాళ్లూ ఒకటేనా? మనిషి కావాలన్నారు. ఆ మనిషికి జీతం ఎవరిస్తారు? 1951లో యూదుల సంఘాలు క్లెయిమ్స్ కాన్ఫరెన్స్ అనే సంస్థ పెట్టి, హోలోకాస్ట్ బాధితులకి పరిహారం ఇమ్మని జర్మనీని అడగడం మొదలుపెట్టాయి, ఈనాటికీ ఆపలేదు. నేను చూసే పెద్దవాళ్ల దగ్గరికి వచ్చే ఆయాల జీతంలో చాలా భాగం ఆ డబ్బే. దాతల దయ మీదే వదిలేస్తే ఎందరు బతికేవారు? ఇంకొకటి, మీ పక్కింటావిడ తినే భోజనం కూడా. ఇంటింటికీ భోజనం పంపే పనికి దేశంలో చాలా చోట్ల 1965 నాటి వృద్ధుల చట్టం కిందే డబ్బు వస్తుంది.

గోదారిగట్టు:
అదే నా గొడవ! నాకు రాసే ఉత్తరంలో 'మీ దయ వల్లే ఈవిడ భోంచేస్తోంది' అంటారు. వాషింగ్టన్ వెళ్లి 'మీరు డబ్బు ఆపితే ఈవిడ పస్తులుంటుంది' అంటారు. రెంటిలో ఏది నిజం? ప్రభుత్వం పని కాంట్రాక్టుకి చేసే సంస్థయితే ఆ మాట ముందే చెప్పాలి. అది తెలిస్తే చందా ఇచ్చేవాణ్ణో లేదో వేరే సంగతి.

స్రవంతి_ఒహాయో:
రెండూ నిజమే. ప్రభుత్వం ఇచ్చేది చాలక మిగతాది మీలాంటివాళ్లని అడుగుతారు. ఉత్తరంలో అది రాయకపోవడం తప్పే, ఒప్పుకుంటాను. కానీ మీరు ఇచ్చినా ఇవ్వకపోయినా ఆవిడకి భోజనం అందాలి, అది ఆవిడ హక్కు అని నేను అంటున్నాను. మీరేమో ఇచ్చేవాడి ఇష్టం అంటున్నారు. ఇక్కడే మనకి కుదరడం లేదు.

గోదారిగట్టు:
ఇష్టం కాదు, బాధ్యత. ప్రభుత్వం మీదకి తోస్తే పక్కింటివాడి బాధ్యత పోతుంది. 'భోజనాలకి మాత్రమే' అని రాసి చెక్కు పంపుతాను. షెడ్యూల్ సి కూడా చూస్తాను.

శారద_డాలస్:
చూసి ఆ అంకె ఇక్కడ పెట్టండి.