కండ్లకు గంతలు కట్టి చదివిస్తరట, వేలిముద్రలు చూసి ఐక్యూ చెప్తరట.. ఎవరన్న పంపిండ్రా?

హన్మకొండ_నాయిన:
అన్నలు, అక్కలు, మా బాబు నాలుగో తరగతి. మొన్న బడిల పేరెంట్స్ మీటింగ్ అంటే పోయినం, అక్కడ ఎవరో సంస్థోళ్లు వచ్చి స్టేజీ మీద ఒక పాపకు గంతలు కట్టి పేపర్ చదివించిండ్రు, ఇరవై రూపాయల నోటు మీది నంబర్ గుడ గడగడ చెప్పింది. తర్వాత పిల్లలందరివి పది వేళ్లు స్కానర్ మీద పెట్టించి మావోనిది ఐక్యూ 128 అన్నరు, 'మిడ్‌బ్రెయిన్' అంటే మెదడు నడిమి భాగమట, అది తెరిపిస్తే ఇంకా పెరుగుతదట. రెండు ఆదివారాలు, 18 వేలు. మా ఇంటామె కడుదాం అంటున్నది. మా బాపు అయితే గన్ని పైసలెందుకు, అంజనం వేసేటాయన దగ్గరికి తోల్కపో, పోరని రాత చెప్తడు అంటుండు. కట్టాల్నా వద్దా? వేలిముద్రల ఐక్యూ నిజమేనా? నవోదయ పరీక్షకు ఏమన్న పనికొస్తదా?

కాజీపేట_రైల్వే:
నేను కట్టిన. పోయినేడు, మా బిడ్డకు. రెండో ఆదివారం రాత్రి అన్నం తినకుంట కూసుంది, ఏందిరా అంటే ఏడ్సుకుంట చెప్పింది, 'డాడీ ముక్కు పక్కపొంటి సందు ఉంటది, అండ్లకెల్లి కనవడ్తది, కనవడ్తలేదు అంటే మేడం నువ్వు ఒక్కదానివే వెనకవడ్డవ్ అంటది.' స్టేజీ మీద పిల్లలను మంచిగ చూడు, కాయితం ఎప్పుడన్న మొఖానికి ఎదురుంగ పెడ్తరా? గదువ కిందికి పెట్టుకొని తల ఎనుకకు వంచుతరు. పైసలు పోతే పోయినయ్ అన్నా, తొమ్మిదేండ్ల పిల్లకు అబద్ధం నేర్పిచ్చిండ్రు, నేను పైసలు కట్టి నేర్పిచ్చుకున్న.

పరకాల_పోరడు:
గంతల ముచ్చట నాకు తెల్వది గని అంజనాన్ని మాత్రం ఏమనకుండ్రి. మా బర్రె తప్పిపోతే మా పెద్దనాయిన అంజనం వేపిచ్చిండు, మా చిన్నోని అరచేతిల కాటుక పెట్టి దీపం ముందట కూసోవెడ్తే 'పడమర దిక్కు, నీళ్ల దగ్గర, తెల్లగోడ' అన్నడు. తెల్లారి ఆ చెరువు కట్ట కిందనే దొరికింది. నేను కండ్లార చూసిన.

జమ్మికుంట_సార్:
తమ్మీ, మన దిక్కు చెరువు లేని ఊరు ఒక్కటి చెప్పు. కాకతీయులు ఊరూరికి తవ్విచ్చి పోయిండ్రు. బర్రె తప్పిపోతే నీళ్లకాడికి గాక ఇంకెక్కడికి పోతది? నేనైనా గదే చెప్తును, కాటుక లేకుంట.

పరకాల_పోరడు:
సార్ మీరు పెద్దోళ్లు, అయినా అంటున్న. మా ఊరి చుట్టూ మూడు చెరువులు. పడమరదే అని ఎట్ల చెప్పిండు మరి? తెల్లగోడ ఎట్ల చెప్పిండు?

జమ్మికుంట_సార్:
కట్ట మీద గుడి ఉండె గదా? ఏ చెరువు కట్ట మీదనైనా మైసమ్మ గుడి ఉంటది, సున్నం వేసి ఉంటది. మీ చిన్నోడు రోజు బర్రెను తోల్కపోయేది ఏ చెరువుకు? పడమర చెరువుకేనా? గా పోరని నోటికెల్లి వచ్చింది వాడు రోజు చూసేదే.

పరకాల_పోరడు:
మా బర్రె గురించి మాకన్న మీకెక్కువ తెలుసా? పూటకు ఐదు లీటర్లు ఇచ్చేది. దొరకకపోతే ఆ ఏడు మా అక్క పెండ్లి అయ్యేది గాదు. మీకు నవ్వులాటగ ఉన్నది.

నర్సంపేట్_మల్లన్న:
నవ్వులాట గాదు తమ్మీ, దొరికిన బర్రె గురించి అందరు చెప్తరు, దొరకనిదాని గురించి ఎవ్వరు చెప్పరు. మా మేనమామవి జత ఎడ్లు పోయినయ్, అంజనమాయన గుడ నీళ్ల దగ్గరనే అన్నడు, పాకాల దాక తిరిగినం, ఐదు వందలు, ఒక కోడి ఇచ్చుకున్నం, ఎడ్లు ఇప్పటిదాక రాలే. మా మామ మళ్ల ఎద్దు కొనలేకపోయిండు, ట్రాక్టర్ కిరాయికి పెట్టుకొనుడే.

క్లినికల్_సైకాలజిస్ట్:
బర్రెలు ఆపండి దయచేసి. నేను పదహారేళ్లుగా ఇదే పని చేస్తున్నాను, వేలమంది పిల్లలకు టెస్టులు పెట్టాను, ఇక్కడ నాకన్నా దీని గురించి తెలిసినవాళ్లు లేరనే అనుకుంటున్నాను. మిడ్‌బ్రెయిన్ కనుగుడ్ల కదలికలను, కనుపాప చిన్నది పెద్దది కావడాన్ని, మెలకువను చూసుకుంటుంది. అది పనిచేయకపోతే మనిషికి స్పృహే ఉండదు, మీ బాబుది పుట్టినప్పటి నుంచీ తెరిచే ఉంది. వేలి మీది గీతలు తల్లి కడుపులోనే ఏర్పడి జీవితాంతం అలాగే ఉంటాయి, వాటిలో తెలివి కొలత లేదు. ఆ రిపోర్టులో 'మీ బాబు సున్నిత మనస్కుడు, కానీ పట్టుదల ఎక్కువ, సరైన ప్రోత్సాహం కావాలి' అని ఉంది కదా? అందరికీ అదే ఉంటుంది. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే అమెరికా సైకాలజిస్ట్ తన 39 మంది విద్యార్థులకు విడివిడిగా రాసిచ్చానని చెప్పి ఒకే కాగితం పంచితే, ఎంత సరిపోయిందో ఐదుకు మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు.

ఎనుమాముల_మిర్చి:
మేడం మీ ఐక్యూ టెస్టు గుడ చిలక జోస్యమే, కాకపోతే చిలకకు ఏసీ రూమ్ ఉంటది. మా తమ్మునికి చిన్నప్పుడు టెస్టు పెట్టి 84 అన్నరు, బడిల సార్లు మొద్దు మొద్దు అని పిలిచిండ్రు. ఇయ్యాల మార్కెట్ల మిర్చి చేత్తోని పట్టి తేమ ఎంతుందో చెప్తడు, మిషన్ పెట్టి చూస్తే గంతే ఉంటది. గా తెలివి మీ కాయితంల ఏడున్నది?

క్లినికల్_సైకాలజిస్ట్:
చిలకతో పోల్చకండి. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ మొదటి పరీక్ష తయారుచేసిందే బడిలో సాయం అవసరమైన పిల్లలను గుర్తించడానికి, ఎవరినీ మొద్దు అనడానికి కాదు. సగటు 100, నూటికి 68 మంది 85కు 115కు మధ్యలోనే ఉంటారు, 84 అంటే సగటుకు కాస్త దిగువ, అంతే. మీ తమ్ముడిని మొద్దు అన్నది టెస్టు కాదు, సార్లు.

ఎనుమాముల_మిర్చి:
నంబర్ చేతికిచ్చింది ఎవరు మరి?

ములుగురోడ్డు_అమ్మ:
నేను రెండు రోజుల నుంచి చదువుతున్న, ఇగ ఆగలేక రాస్తున్న. టెస్టు చిలక జోస్యం అనేటోళ్లు మా ఇంటికి రండ్రి ఒక్కసారి. మా బాబుకు పదకొండేండ్లు. మూడేండ్లు తాయత్తులు కట్టిచ్చిన, సోది అడిగిన, ఒకామె పెద్దల దోషం అన్నది, ఇంకో సెంటర్ల గిదే పది వేళ్ల స్కానర్ పెట్టి 'మీ వాడు సంగీతంల మేధావి, భాషల గుడ ముందుంటడు' అని ఇరవై పేజీల రంగుల రిపోర్టు ఇచ్చిండ్రు. అప్పటికి మావోనికి అమ్మ అనుడు తప్ప మాట రాదు. చివరికి ఒక సైకాలజిస్ట్ సార్ టెస్టు పెట్టిండు. చెక్క పలక, అండ్ల పది ముక్కలు, గుండ్రంది, చతురస్రం, నక్షత్రం, ఏ గుంటల ఏది పడ్తదో పెట్టాలె, సార్ గడియారం పట్టుకున్నడు. మావోడు నక్షత్రం పట్టుకొని విడవలే. గుండీలు పెట్టుకుంటడా, ఒక్కడే దుకాణానికి పోతడా అని నన్ను గంటసేపు అడిగిండు. 52 అని రాసిండు. ఆ కాయితంతోనే వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్, ఆ సర్టిఫికెట్‌తోనే పింఛన్, స్పెషల్ టీచర్. ఇప్పుడు చెప్పులు తనే వేసుకుంటడు. ఆ మూడేండ్లు ఎవరిస్తరు నాకు?

ఎనుమాముల_మిర్చి:
అక్కా నేను మీ బాబును అనలే. మా తమ్ముని బాధల అన్న. మన్నించు.

సుబేదారి_టెక్కీ:
అందరు తీసిపారేస్తుండ్రు గని, అమెరికా సీఐఏ వాళ్లే, కూసున్న కాడికెల్లే ఎక్కడో దూరంల ఉన్నది మనసుల కనవడ్తది అనేటోళ్లను పెట్టుకొని గూఢచర్యం చేసిండ్రు, ఏం లేకపోతే ప్రభుత్వం పైసలు పెడ్తదా?

జమ్మికుంట_సార్:
పెట్టిండ్రు, 1995ల మూసిండ్రు, పనికి రాలేదని వాళ్లే రాసిండ్రు. అమెరికా మెజీషియన్ జేమ్స్ రాండీ 1996 నుంచి 2015 దాక పది లక్షల డాలర్లు ముందట పెట్టిండు, షరతులు ఇద్దరు ఒప్పుకున్నంక శక్తి చూపెట్టు, తీస్కపో అని, ఒక్కడు తీస్కపోలే. మన దేశంల గుడ, ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ 2008ల పుణె దిక్కు పరీక్ష పెట్టిండు. చదువుల ముందున్న వంద మంది పిల్లల జాతకాలు, ఇగో మన ములుగురోడ్డు చెల్లె కొడుకు వంటి వంద మంది పిల్లల జాతకాలు కలిపి, ఒక్కో జ్యోతిష్కునికి నలభై ఇచ్చి ఏ జాతకం ఎసుంటి పోరనిదో చెప్పుమన్నడు. 27 మంది జవాబులు పంపిండ్రు, సగటున నూటికి 46 కరెక్టు. రూపాయి బిళ్ల ఎగరేస్తే యాభై వస్తయ్. నేను మూఢనమ్మకాల మీద ప్రచారం చేసే జనవిజ్ఞాన వేదిక తోని ఊర్లు తిరిగినోన్ని, నాలుక మీద కర్పూరం వెలిగిచ్చుకొని చూపెట్టిన, అంజనాలు ఎన్ని చూసిన్నో లెక్కలేదు.

పరకాల_పోరడు:
మళ్ల నా మీదికే. ఎన్ని చూసిన్నో అంటుండ్రు, ఒక్క బర్రెను దొరకవట్టిండ్రా?

నర్సంపేట్_మల్లన్న:
సార్ మీరు ఆ నార్లీకర్ ముచ్చట మా ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టుండ్రి. అన్నట్టు నవోదయ ఫారాలు పడ్డయా ఎవరికన్న తెలుసా?

మామునూరు_పాత_విద్యార్థి:
నవోదయ అన్నరు కాబట్టి చెప్తున్న, నేను మామునూరుల చదివిన. పరీక్ష ఐదో తరగతిల రాయాలె, 80 ప్రశ్నలు, 100 మార్కులు, 2 గంటలు. అండ్ల మెంటల్ ఎబిలిటీ 40 ప్రశ్నలు, 50 మార్కులు, అన్ని బొమ్మలే, అద్దంల ఎట్ల కనవడ్తది, కాయితం మడిచి కత్తిరిస్తే ఎట్లుంటది అని. గంతలు కట్టుకుంటే ఒక్కటి రాయలేరు. మా అమ్మ పాత పేపర్లు కోసి మడిచి చూపెట్టేది, గదే నా కోచింగ్.

హన్మకొండ_నాయిన:
అందరికి దండాలు. కట్టలేదు. పక్కింటి పాప ఆ కోర్సు చేసిందని తెలిసి నిన్న పిలిచిన. పేక ముక్కలు పది, ఎరుపా నలుపా చెప్పుమన్న. వాళ్ల గంతలే కట్టుకొని పదికి పది చెప్పింది, మా ఇంటామె నా దిక్కు చూసింది. అప్పుడు కాజీపేట అన్న మాట యాదికొచ్చి, స్టీలు పళ్లెం గదువ కింద అడ్డం పట్టిచ్చి, ముక్కలు పళ్లెం కిందికెల్లి చూపెట్టిన. నాలుగే కరెక్టు. పాప మెల్లగ గంతలు ఇప్పి 'అంకుల్, మా మమ్మీకి చెప్పకుండ్రి' అన్నది. ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు.

కాజీపేట_రైల్వే:
వాళ్లమ్మకు చెప్పు అన్నా. కాకపోతే పిల్లను ఒక్క మాట అనొద్దని ముందుగాల ఒట్టేపిచ్చుకొని చెప్పు. మేము అన్నం. మా బిడ్డ ఇప్పటికి గుడ ఏదన్న అడిగితే నా మొఖం చూడకుంట జవాబిస్తది.