ఎనిమిదో తరగతిలోనే ఇంకో ఏడాది ఉంచమని బడిలో అడగొచ్చా?

బంగారుపాళెం అమ్మ:

అందరికీ నమస్కారం. మాది బంగారుపాళెం దగ్గర ఒక పల్లె. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఎకరా మామిడి తోట ఉంది. సీజన్ లేనప్పుడు మా ఆయన కూలికి పోతాడు. మా పెద్దోడు గవర్నమెంటు హైస్కూల్లో ఎనిమిది అయిపోయి తొమ్మిదికి పోతా ఉన్నాడు. ప్రోగ్రెస్ కార్డులో లెక్కలకు బి2 వేసినారు. అది చూసి నేను సంతోషపడినాను.

మొన్న అటక మీద పాత కాగితాలు సర్దుతా ఉంటే 2025 సీజన్ కాటా చీటీ ఒకటి దొరికింది. తోతాపురి, 2,340 కిలోలు. ధర పడిపోయిందని ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, గవర్నమెంటు 4 రూపాయలు కలుపుతుంది అన్న ఏడు అది. ఫ్యాక్టరీ వంతు ఎంతయిందో చెప్పు నాయనా అని వాడికి చీటీ ఇచ్చినాను. నోటు పుస్తకంలో వేసి తెచ్చినాడు. 1624320 అని ఉంది. పదహారు లక్షలు! మన కాయలకు అంత దుడ్డు వచ్చిందా రా అంటే, నేను ఎందుకు అట్ల అడుగుతా ఉన్నానో కూడా వాడికి తెలియలేదు. ఊరికినే నా మొహం చూస్తా నిలబడినాడు.

మరి బి2 ఎట్లా వచ్చిందిరా అని అడిగినాను. పరీక్ష రోజు బోర్డు మీద రాస్తారమ్మా, మేము ఎక్కించుకుంటాము అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎనిమిదేళ్ళుగా ప్రతి కార్డు మీదా సంతకం పెట్టింది నేనే కదా.

బడికి పోయి అడిగితే ఎనిమిది దాకా ఎవర్నీ ఆపరమ్మా, తొమ్మిదిలో దారికొస్తాడులే అన్నారు. ఇంకో రెండేళ్ళకు టెన్త్ పబ్లిక్. అక్కడ బోర్డు మీద ఎవరు రాస్తారు? మా వీధిలో లెక్కల్లో పోయిన పిల్లోడు ఒకడు మళ్ళీ రాయనే లేదు, బెంగళూరులో హోటల్లో పని చేస్తా ఉన్నాడు.

అందుకే అడుగుతా ఉన్నాను. తల్లిగా నేనే ఇంకో ఏడాది ఎనిమిదిలో ఉంచండి అని రాసిస్తే ఉంచుతారా? ఉంచితే బాగుపడతాడా? వాళ్ళ నాయన వద్దంటా ఉన్నాడు, తోటి పిల్లల ముందర చిన్నబోతాడని.

చంద్రగిరి లెక్కల సారు:

అమ్మా, ముందు ఆ 1624320 సంగతి చెప్తాను. మీవాడు రెండెనిమిదులు 16, మూడెనిమిదులు 24, నాలుగెనిమిదులు 32, సున్నాకు సున్నా వేసి అన్నీ పక్కపక్కన రాసేశాడు. అంటే ఎనిమిదో ఎక్కం తప్పు లేకుండా వచ్చు. రానిది స్థాన విలువ. 32 పదులు వస్తే 2 అక్కడే ఉంచి 3 వందల ఇంటికి పంపాలని వాడికి ఎవరూ చేత పట్టుకుని చూపలేదు. మూడు, నాలుగు తరగతుల్లో పడాల్సిన పునాది అది. నా క్లాసులో ఏటా ఇలాంటి పిల్లలను చూస్తాను. తెలివి తక్కువ పిల్లలు కారు.

ఇక ఆపే మాట. 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవర్నీ ఆపకూడదు. 2019లో దాన్ని సవరించారు. అయిదు, ఎనిమిది తరగతుల చివర పరీక్ష పెడతారు. తప్పినవాళ్ళకు విడిగా పాఠాలు చెప్పి, రెండు నెలల్లో మళ్ళీ రాయిస్తారు. అప్పుడూ తప్పితే ఆపవచ్చా లేదా అన్నది ఆయా ప్రభుత్వాలకే వదిలేశారు. 2024 డిసెంబరులో కేంద్రం తన కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలలాంటి బడులకు ఆపే నిబంధన తెచ్చింది. మన జిల్లా పరిషత్ బడులు రాష్ట్రం చెప్పినట్టు నడుస్తాయి. తల్లి రాసిచ్చిన కాగితం మీద పిల్లవాణ్ణి ఆపే అధికారం హెడ్మాస్టరుకు ఉండదు.

ఉన్నా నేను వద్దనే అంటాను. ఎనిమిదిలో మళ్ళీ కూర్చోబెడితే మళ్ళీ అకరణీయ సంఖ్యలే చెప్తారు, స్థాన విలువ ఎవరూ చెప్పరు. మా కాలంలో ఏడో తరగతికి కామన్ పరీక్ష ఉండేది. నాతో చదివిన ఇద్దరు ఆడపిల్లలు అందులో తప్పారు. మళ్ళీ ఏడులో కూర్చోలేదు, ఇటుకల బట్టీకి పోయారు. ఆ పరీక్ష వాళ్ళకు నేర్పింది ఏమీ లేదు. అట్లాగని పరీక్షే వద్దనను. బోర్డు మీద జవాబులు రాసి మార్కులు వేయడం అంటే, జ్వరం చూడకుండానే చీటీలో 98 అని రాయడం. నేనూ పై నుంచి ఒత్తిడి వచ్చినప్పుడు అలాంటి మార్కులు వేసినవాణ్ణే. తప్పు చేశాను.

మీరు అడగాల్సింది వేరే ఉంది. అదే చట్టం 24వ సెక్షన్ చూడండి. ప్రతి పిల్లవాడికి ఎంత వచ్చో చూసి, అవసరమైతే అదనంగా చెప్పడం టీచరు బాధ్యత. చదువు ఎలా సాగుతోందో తల్లిదండ్రులకు చెప్పడం కూడా. నోటితో అడగొద్దు, కాగితం మీద రాసివ్వండి. బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అక్కడ కూడా ఎత్తండి.

బడి తెరిచేదాకా ఇంట్లో రోజూ అరగంట చాలు. చింతగింజలు పదేసి మూటలు కట్టించండి, పది మూటలు ఒక డబ్బాలో వేయించండి. ముందు 12ను 8తో గుణించమనండి. గింజలు పది నిండగానే మూట కట్టి పక్కకు జరపాలి. కాగితం, పెన్ను నాలుగు రోజులు దూరంగా పెట్టండి.

2022 బ్యాచ్:

అక్కా, నేను పలమనేరు పక్క. 2020, 2021లో కరోనా వల్ల టెన్త్ పరీక్షలు లేకుండానే అందర్నీ పాస్ చేసినారు కదా, ఆ తర్వాత మొదట రాసిన బ్యాచ్ మాది. ఆ ఏడు రాష్ట్రంలో 67.26 శాతమే పాసయినారు. నాకు లెక్కల్లో 19 వచ్చింది. 35 రావాల. అంతకుముందు ఏ కార్డులోనూ నేను ఫెయిలని ఎవరూ రాయలేదు, నేను బాగానే చదువుతా ఉన్నాననే అనుకున్నా. రిజల్ట్ రోజు మా నాయన ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

సప్లిమెంటరీకి ఉన్న నెల రోజులూ మా చిన్నాయన భాగహారం నుంచి చెప్పినాడు. జూలైలో రాసి పాసయినా, ఐటీఐ ఫిట్టర్ చేసినా. మీరు ఇప్పుడే చూసినారు, రెండేళ్ళు ముందర. ఆపొద్దు అక్కా. ఇంకో విషయం, మీవోడితో పదహారు లక్షల మాట చుట్టాల ముందర ఎత్తొద్దు.

తిరుపతి టు బోస్టన్:

మా పాప ఇక్కడ మసాచుసెట్స్‌లో పదో తరగతి. ఎంకాస్ అని రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష ఉంది. 2003లో బయటికొచ్చిన బ్యాచ్ నుంచి అది పాసైతేనే హైస్కూల్ డిప్లొమా. 2024 నవంబరులో జనం ఓటు వేసి ఆ షరతు తీసేశారు. పరీక్ష మాత్రం ఉంది. నాకు నచ్చింది వేరే. మూడో తరగతి నుంచే ఏటా లెక్కలు, చదవడం పరీక్ష పెట్టి, పిల్ల ఎక్కడ వెనకబడిందో కాగితం ఇంటికి పంపుతారు. దాని మీద మా పాపను ఎవరూ ఆపలేదు. నాలుగో తరగతిలో భిన్నాల్లో వెనకబడిందని ఆ కాగితం వల్లే మాకు తెలిసింది. అమ్మగారూ, మీకు అలాంటి కాగితం కాటా చీటీ రూపంలో వచ్చింది, అదీ ఎనిమిదేళ్ళ తర్వాత.

బంగారుపాళెం అమ్మ:

సార్, తమ్ముడూ, అన్నా, అందరికీ దండాలు. వారం ఆగి రాస్తా ఉన్నాను. ఆపమని అడగను. జూన్ 12న బడి తెరవంగానే అర్జీ ఇస్తాను, 24వ సెక్షన్ అని రాసి పెట్టుకున్నాను. మా వీధిలో ఇంకో ముగ్గురు తల్లులు కూడా వేలిముద్ర అయినా వేస్తామన్నారు.

మూటలు కట్టడం మొదట్లో చిన్నపిల్లోళ్ళ పనని వాడు అలిగినాడు. చెల్లెలికి నేర్పు, నీకు కాదు అని చెప్పి కూర్చోబెట్టినాను. మూడో రోజు, పదులన్నీ పక్క ఇంటికి పోవాల్నా అమ్మా అని వాడే అడిగినాడు. నేను కుట్టు ఆపేసి వాడి పక్కన కూర్చున్నాను. నిన్న కాగితం మీద 234ను 8తో గుణించినాడు. 1872. ఇంకో సున్నా పెడితే మన కాయల లెక్కే కదమ్మా అన్నాడు.

లెక్కల మాదిరే తెలుగు చదవడం ఎంత వచ్చో కూడా చూడాల, అది ఇంకా మొదలుపెట్టలేదు. మూడో తరగతి పుస్తకం తెప్పించినాను, రేపు చూస్తాను.