నలుగురిలో మాట్లాడాలంటే టెన్షన్, మీరేం చేస్తారు?

కొత్తవాళ్లను కలవాలంటే ముందు రోజు నుంచే నాకు గుండె దడ. ఫోన్‌లో ఇంకా కష్టం, ఎదుటివాళ్ల ముఖం కనిపించదు కదా. ఊపిరి పీల్చినదానికంటే నెమ్మదిగా, ఎక్కువసేపు వదిలితే దడ కాస్త తగ్గుతోంది గానీ మాట మాత్రం రావడం లేదు.

తప్పించుకునేకొద్దీ భయం పెరుగుతుందని, చిన్న పలకరింపులతో మొదలుపెట్టి మెల్లగా ముందుకెళ్లాలని చదివాను. నిజమే అనిపిస్తుంది. అయితే భయం పూర్తిగా పోయాకే తర్వాతి మెట్టు ఎక్కాలా, కాస్త ఉండగానే ఎక్కొచ్చా?

ఇంకోటి, మాట్లాడుతున్నంతసేపూ నా గొంతు వణుకుతోందా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలి అనే ధ్యాసే. దాన్ని ఎదుటివాళ్ల మాటల మీదకు ఎలా మళ్లిస్తారు? "ధైర్యంగా ఉండు" అని మాత్రం చెప్పకండి, అది ఇంట్లో రోజూ వింటున్నాను. కౌన్సెలింగ్‌కి వెళ్లినవాళ్లుంటే అక్కడ ఏమేం చేయించారో చెప్తారా?